బ్యారెన్ ద్వీపంలో దిగి అగ్నిపర్వతం ఎక్కవచ్చా?

అనంతపురం నుంచి అండమాన్ వెళ్తున్న మీకు బ్యారెన్ ద్వీపంలో కాలుమోపే అవకాశం సాధారణంగా దొరకదు. పర్యాటకులు పడవలోంచే చూడవలసి ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ నిర్జన ద్వీపం చాలాకాలం నిద్రాణంగా ఉండి, 1991లో మళ్లీ బద్దలైంది. మన వజ్రకరూరులోని కింబర్లైట్ (వజ్రాలను భూగర్భం నుంచి పైకి తెచ్చే శిల) గొట్టాలూ అగ్నిపర్వత మార్గాలే గానీ, అవి చల్లారి వంద కోట్ల ఏళ్లు దాటింది. ఇక్కడ మాత్రం బిలం నుంచి సముద్రం దాకా జారి గడ్డకట్టిన లావా ఇంకా నల్లగా, గరుకుగా కనిపిస్తుంది.

నా దృష్టిలో అసలు సంపద నీటి అడుగునే ఉంది: బసాల్టు (గడ్డకట్టిన లావా) రాళ్లను పట్టుకుని పెరిగిన పగడాలు, రెక్కలాడించినట్టు ఈదే మాంటా రే చేపలు స్కూబా డైవింగ్ వచ్చినవారికి కనువిందు చేస్తాయి. సముద్రం కాస్త నెమ్మదించే డిసెంబరు–ఏప్రిల్ నెలల్లో, అనుమతులున్న పడవలో వెళ్లండి.