వెనక నాలుగడుగుల జాగా ఉందా?

ప్రశ్న: మా హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. స్పీకర్లకూ ఆంప్లిఫయర్‌కూ కలిపి లక్ష రూపాయలు పెట్టగలను. కర్ణాటక సంగీతం ఎక్కువగా వింటాను, ఇళయరాజా పాటలూ వింటాను. పలకల్లా నిలబడే ప్లేనార్ స్పీకర్లు మేలా, మామూలు పెట్టె స్పీకర్లు మేలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: డబ్బు తీసే ముందు ఒక పని చేయండి. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి, 4 అడుగుల ఎత్తు, 14.5 అంగుళాల వెడల్పుతో రెండు ముక్కలు కోయండి. ప్లేనార్ స్పీకర్లు చేసే మాగ్నెపాన్ కంపెనీ తెచ్చిన చిన్న పలక (ప్యానెల్) ఎల్‌ఆర్‌ఎస్ కొలత అదే. వాటిని గోడకు మూడున్నర, నాలుగు అడుగుల ముందుకు, కుర్చీలకు ఆనించి వారం రోజులు అలాగే ఉంచండి. ఇల్లు ఊడ్చేటప్పుడో చుట్టాలు వచ్చినప్పుడో ఎవరో ఒకరు వాటిని గోడవైపు జరిపేశారంటే మీ ఇంటికి పెట్టె స్పీకర్లే సరిపోతాయి. రేపు అసలు ప్యానెళ్లనూ అలాగే జరిపేస్తారు. గోడకు ఆనిన ప్యానెల్ మీద పెట్టిన డబ్బు దండగే.

కారణం ఇది. ప్యానెల్‌లో పెట్టె ఉండదు. మైలార్ అనే పల్చటి ప్లాస్టిక్ పొర మీద అతికించిన అల్యూమినియం వైర్లో, రేకు పట్టీలో పొరతో సహా అయస్కాంతాల ముందు కదులుతాయి. ఆ పొర ముందుకు ఎంత శబ్దం పంపుతుందో వెనక్కీ అంతే పంపుతుంది, కాకపోతే తలకిందులుగా: ముందు గాలిని నెట్టినప్పుడు వెనక లాగుతుంది. గోడ మీటరు దూరంలో ఉంటే వెనక శబ్దం రానూపోనూ 2 మీటర్లు తిరిగి, దాదాపు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. అంత తేడా ఉంటే చెవి దాన్ని వేదిక లోతుగా తీసుకుంటుంది. గోడ ఒక్క అడుగు దూరంలోనే ఉంటే 2 మిల్లీసెకన్లలోపే వచ్చి అసలు శబ్దంలో కలిసిపోతుంది, గాత్రం మసకబారుతుంది.

బాస్ సంగతీ ఇలాంటిదే. ముందు శబ్దం, వెనక శబ్దం పలక అంచులు చుట్టి కలుసుకుని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. స్వరం కిందికి దిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. ఎల్‌ఆర్‌ఎస్‌కు కంపెనీ చెప్పే కింది హద్దు 50 హెర్ట్జ్. ఒకటిన్నర శ్రుతికి బిగించిన మగ తంబురా మంద్ర షడ్జం సుమారు 69 హెర్ట్జ్ కాబట్టి కచేరీకి లోటు ఉండదు. బాస్ గిటార్ అట్టడుగు తీగ మాత్రం 41 హెర్ట్జ్. సినిమా పాటలో ఆ గిటార్ నడక గుండెకు తగలాలంటే ప్యానెల్‌కు తోడు అట్టడుగు స్వరాలకే చేసిన సబ్‌వూఫర్ కావాలి, బడ్జెట్ దాటిపోతుంది.

మరి అంత అవస్థ దేనికంటే, వీణ మీటు తర్వాత గమకం ఊగుతూ సన్నగిల్లి, తంబురాలో కలిసే ఆ చివరి క్షణం కోసం. ఘటం మీద గోరు దెబ్బకూ వేలి దెబ్బకూ తేడా కోసం. తేలికైన పొర వెంటనే కదిలి వెంటనే ఆగుతుంది, మోగడానికి చెక్క పెట్టె లేదు. పైగా ప్యానెల్ పక్కలకు దాదాపు శబ్దం పంపదు, అందుకని 12 అడుగుల వెడల్పు మీకు అడ్డు కాదు. కాకపోతే ఈ సుఖం మధ్యలో కూర్చున్న ఒక్కరికే. సోఫా కొసన ఉన్నవారికి దగ్గరి స్పీకరే పాడుతున్నట్టు ఉంటుంది.

ఇక ఎక్కువమంది దెబ్బతినేది ఆంప్లిఫయర్ దగ్గర. ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె ఎల్‌ఆర్‌ఎస్ కాగితం మీద 86 డెసిబెల్ అని ఉంటుంది, 87 ఉన్న పెట్టె స్పీకర్‌కు దగ్గరే కదా అనిపిస్తుంది. కానీ ఆ అంకె 2.83 వోల్టులకు ఇచ్చింది. 8 ఓంల స్పీకర్‌లో అది 1 వాట్, 4 ఓంల ప్యానెల్‌లో 2 వాట్లు. అంటే వాట్‌కు లెక్కిస్తే ప్యానెల్ 83 మాత్రమే. మీటరు దూరంలో 100 డెసిబెల్ పలకాలంటే ఆ పెట్టెకు 20 వాట్లు చాలు, ప్యానెల్‌కు 50 కావాలి. తవిల్ దెబ్బలు నలగకుండా రావాలంటే 4 ఓంలలోకి 100 వాట్లకు తగ్గని ఆంప్ చూడండి.

చవకగా దొరికే క్లాస్-డి రకం చిన్న ఆంప్‌లు ఇందుకు పనికొస్తాయి, కానీ అడాప్టర్ చూసి కొనండి. 24 వోల్టుల అడాప్టర్‌తో, లోపల ఎంత మంచి చిప్ ఉన్నా, ఒక్కో వైపు 4 ఓంలలోకి 70 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. 48 వోల్టులు, 5 ఆంపియర్లది తీసుకోండి. ఏవీ రిసీవర్ (టీవీకీ పాటలకూ కలిపి వాడే ఆంప్) ఉన్నవారు వెనక 4 ఓంల స్విచ్ ఉంటే దాన్ని తిప్పకండి. చాలా మోడళ్లలో అది వోల్టేజీని కోసేస్తుంది, ప్యానెల్‌కు కావలసింది ఆ వోల్టేజీయే.

మీ కొలతలూ మీ పాటలూ చూస్తే మా సలహా పెట్టె స్పీకర్లే. ఒంటరిగా, కచేరీలే వింటానంటే మాత్రం అట్టముక్కల పరీక్ష నెగ్గాక ప్యానెల్‌కు వెళ్లండి. విదేశీ ధర చూసి లెక్క వేయకండి, రవాణా, కస్టమ్స్ సుంకం, పన్ను కలిపిన ధర రాతపూర్వకంగా తీసుకున్నాకే నిర్ణయించండి.

పెట్టెలైతే కింది స్వరాలకు ఆరున్నర అంగుళాల వూఫర్, పై స్వరాలకు చిన్న ట్వీటర్ ఉన్న టూ-వే జతకు 55 వేలు, ఆంప్‌కు 30 వేలు, మిగిలింది స్టాండ్లకు, వైరుకు. స్టాండ్ డబ్బు మిగిల్చి టీవీ బల్ల మీద పెడితే బల్ల కూడా మోగుతుంది. 24 అంగుళాల ఇనుప స్టాండ్ గొట్టంలో కడిగి ఎండబెట్టిన ఇసుక నింపండి. ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు రావాలి. వెనక రంధ్రం ఉన్న పెట్టెకు గోడ నుంచి అడుగు ఖాళీ వదలండి. అయినా బాస్ గుమ్మంటుంటే తప్పు స్పీకర్‌ది అనుకోకండి. మీ హాలు పొడవుకు 40 హెర్ట్జ్ దగ్గర, వెడల్పుకు 47 దగ్గర గది తనంతట తానే మోగుతుంది, ఆ మోత గోడల దగ్గరే ఎక్కువ. సోఫాను వెనక గోడ నుంచి రెండడుగులు ముందుకు లాగండి.

ప్రశ్న: పాత మాగ్నెపాన్ ప్యానెళ్లు చవకగా వస్తున్నాయి. మగ గొంతు వచ్చినప్పుడు ఒకటి గరగరలాడుతోంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు ఎడమ కుడి వైర్లు మార్చి వినండి. గరగర రెండో ప్యానెల్‌కు మారితే లోపం ఆంప్‌ది. మారకపోతే కాళ్ల మరలు బిగించి చూడండి. తర్వాత ఫోన్‌లో టోన్ జనరేటర్‌తో 60 నుంచి 300 హెర్ట్జ్ దాకా తక్కువ వాల్యూమ్‌లో నెమ్మదిగా పెంచుతూ, గది చీకటి చేసి, ప్యానెల్‌కు తొడిగిన గుడ్డ మీద టార్చ్‌లైట్ ఏటవాలుగా వేయండి. జిగురు వదిలిన వైరు ఒక చోట వణుకుతూ కనిపిస్తుంది. ఎండ, తేమ ఆ జిగురుకు శత్రువులు, సముద్రపు ఊళ్లో కిటికీ పక్కన పెట్టినదైతే మరీ.

ఆంప్ విప్పేసి మల్టీమీటర్‌తో రెండు ప్యానెళ్లూ కొలవండి. రెండూ 4 ఓంల చుట్టుపక్కల ఒకేలా ఉండాలి. అసలు చదవకపోతే ఫ్యూజ్ పోయిందో వైరు తెగిందో చూడాలి. ఫ్యూజ్ బదులు రాగి తీగ చుట్టి ఉంటే ఆ బేరం వదిలేయండి. జానెడు పొడవున వైరు లేచిన మాత్రమైతే బాగుచేయవచ్చు: గుడ్డ పిన్నులు ఊడదీసి, ఆరాక కూడా మెత్తగా సాగే కాంటాక్ట్ జిగురుతో అతికించాలి. క్షణాల్లో పట్టే ఘాటు జిగురు గట్టిపడి పగిలిపోతుంది, దాన్ని వాడకండి. వైర్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే ఎంత చవకైనా వద్దు.

ప్రశ్న: స్పీకర్ వైరుకు ఎంత ఖర్చు పెట్టాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు చాలు. 5 మీటర్ల దూరానికి రానూపోనూ దాని నిరోధం 0.08 ఓం, 4 ఓంల స్పీకర్‌కు 2 శాతం. 1 చదరపు మిల్లీమీటర్ వైరైతే అది 5 శాతం దాకా పోతుంది.