కెమెరా దగ్గుతోంది, వైద్యం చేయించాలా?

ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, అప్పుడే పాత సామాన్ల అమ్మకంలో కానన్ ఏఈ-1 అనే ఫిల్ము కెమెరా కొనేశారన్నమాట. మీట నొక్కినప్పుడల్లా కీచుమంటోంది, మొదటి రీల్లోనే కొన్ని ఫొటోల మీద నారింజ రంగు చారలు పడ్డాయి, బాగుచేయడానికి అడిగిన డబ్బు కెమెరా ధరకు రెండింతలుంది, ఏం చేయమంటారు అని అడిగారు.

బాగుచేయించండి. కొన్న ధరను, రిపేరు ఖర్చును పక్కపక్కన పెట్టి చూడడమే మీ పొరపాటు. మీరు ఆ ధరకు కొన్నది పనిచేసే కెమెరాను కాదు, జాతకం తెలియని కెమెరాను. ఇదే మోడల్‌ను శుభ్రం చేసి, నూనె వేసి, షట్టర్ (ఫిల్ము మీదికి క్షణం పాటు వెలుతురు వదిలే తెర) వేగాలు సరిచూసి, కొన్ని నెలల హామీతో అమ్మేవాళ్లు ఉంటారు. వాళ్లెంత అడుగుతున్నారో కనుక్కోండి. మీరు పెట్టిందీ పెట్టబోయేదీ కలిపి ఆ ధర దాటకపోతే ఇక ఆలోచించే పని లేదు.

పైగా మీ కెమెరాకున్న జబ్బులు రెండూ మామూలువే. ఆ కీచుమనే శబ్దాన్ని ఈ మోడల్ వాడేవాళ్లు ‘కానన్ దగ్గు’ అంటారు. లోపల అద్దాన్ని పైకి లేపే పళ్లచక్రాల దగ్గర కందెన ఎండిపోతే వస్తుంది. సరైన చోట చిన్న నూనె చుక్క పడితే పోతుంది. ఎక్కడ పడితే అక్కడ వేస్తే అదే నూనె అద్దం మీదికో షట్టర్ మీదికో పాకుతుంది కాబట్టి ఆ పని తెలిసినవారికే వదలండి. చారల సంగతి ఇంకా తేలిక. వెనుక తలుపు గాడుల్లో నల్లటి స్పాంజి పట్టీలుంటాయి, వెలుతురు లోపలికి చొరబడకుండా. ఇన్నేళ్లకు అవి జిగురుగా మారి రాలిపోతాయి. పాతది గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త పట్టీ మీరే అతికించుకోవచ్చు. ఆ ఊపులో షట్టర్ తెరను మాత్రం వేలితో తాకకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేనూ మీలాగే ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక పాత ఒలింపస్ ఓఎం-1 కెమెరా కొన్నాను. ఫొటోలన్నీ చీకటిగా వస్తున్నాయి, వెలుతురు కొలిచే మీటరు పాడైందనుకున్నాను. ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకుని పైమూత విప్పడానికి కూర్చున్నాను. జపాన్ కెమెరాల స్క్రూలకు అక్కడి కొలతల స్క్రూడ్రైవరే కావాలని, మామూలుది వాడితే తలలు అరిగిపోతాయని అప్పుడు తెలియదు. రెండు తలలు అరిగాక తెలిసింది. అసలు విషయం తర్వాత బయటపడింది: ఆ కెమెరాను 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం తయారుచేశారు. పాదరసం బ్యాటరీలను చాలా దేశాలు నిషేధించాయి కాబట్టి నేను 1.5 వోల్టుల మామూలు బ్యాటరీ వేశాను. దానితో మీటరు ఉన్న వెలుతురు కన్నా ఎక్కువ చూపింది, దాన్ని నమ్మి నేను ఫిల్ము మీదికి తక్కువ వెలుతురు వదిలాను. వినికిడి యంత్రాల్లో వేసే 675 రకం బ్యాటరీ ఇస్తుంది 1.4 వోల్టులు, దానితో పని జరిగిపోయేది. ఆరోగ్యంగా ఉన్న కెమెరాకు ఆపరేషన్ చేసి రోగిని చేశాను.

కాబట్టి ఏ కెమెరా అయినా ముందు కొత్త బ్యాటరీ, సరైన రకం. బ్యాటరీ లేకపోతే మీ ఏఈ-1 షట్టర్ అసలు కదలదు, అది చెడిపోయినట్లు కాదు. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 వంటివి వేరే జాతి. వాటి షట్టర్ స్ప్రింగులతో, చక్రాలతోనే నడుస్తుంది, బ్యాటరీ ఒక్క మీటరుకే. అలాంటివాటిని ఓపికగల మెకానిక్ ఎన్నిసార్లయినా లేపి కూర్చోబెడతాడు. 1976లో వచ్చిన మీ కెమెరా కడుపులో ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంది. అది పోతే కొత్త భాగం దొరకదు, చచ్చిన మరో ఏఈ-1 నుంచి తీసి వేయాల్సిందే. ఎప్పుడైనా కొత్త బ్యాటరీతో కూడా ఉలుకూ పలుకూ లేకపోతే, సర్క్యూటే పోయిందని మెకానిక్ చెబితే, లెన్సు లేని ఇంకో ఏఈ-1 బాడీ కొనేయండి. మీ లెన్సు దానికి సరిపోతుంది. లెన్సును మాత్రం ఒకసారి దీపం వైపు పెట్టి చూడండి. లోపల చెట్టు వేళ్లలా పాకిన బూజు బాగా కనిపిస్తే అది మార్చుకోవడమే మేలు, 50 ఎంఎం లెన్సులకు కొదవ లేదు.

రిపేరు చేసేవారిని అడగడానికి కొత్తగా వచ్చినవాళ్లకు మొహమాటం. నాకూ ఉండేది. ఈ మోడల్ ఇంతకుముందు చేశారా, పనికి హామీ ఎంతకాలం, చేయలేకపోతే చూసినందుకు ఎంత తీసుకుంటారు అని అడగండి, అంచనా రాతపూర్వకంగా తీసుకోండి. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. సరిగ్గా చెప్పనివారి దగ్గర కెమెరా వదలకండి.

చివర్లో మీ నాన్నగారి యాషికా ఎలక్ట్రో 35 ఇంట్లో బీరువాలో ఉందని రాశారు. అదీ బ్యాటరీతో నడిచే షట్టరే, కాబట్టి సర్క్యూట్ పోయి ఉంటే నా లెక్క ప్రకారం దాన్ని బాగుచేయించకూడదు. అయినా చేయించండి, అక్కడ లెక్క వేరు. లోపలి చిన్న రబ్బరు ముక్క అరిగిపోవడం దాని పాత జబ్బు. ఫిల్ము తిప్పే లీవరు లాగినప్పుడు ‘టక్’మనే చప్పుడు రాకపోతే అనుమానం దాని మీదే, మెకానిక్‌కు అదే చెప్పండి.

ఈసారి వెళ్లినప్పుడు తెచ్చుకోండి, కానీ ఆత్రంగా వెనుక తలుపు తెరవకండి. ముందు రీలు వెనక్కి చుట్టే మీటను నెమ్మదిగా తిప్పి చూడండి. బిగువుగా తగిలితే లోపల ఫిల్ము ఉన్నట్లే. కింద ఉన్న బటన్ నొక్కి, బిగువు వదిలేదాకా పూర్తిగా చుట్టి, అప్పుడు తీయండి. విమానాశ్రయంలో ఆ రీలును కొత్త రకం స్కానర్లలో పంపకుండా చేతితో తనిఖీ చేయమని అడగండి, విమానం అడుగున వేసే పెద్ద పెట్టెలో అసలే పెట్టకండి, స్కానర్ల కిరణాలకు ఫిల్ము పాడవుతుంది. కడిగించేటప్పుడు ఎన్నో ఏళ్ల నాటి రీలని ల్యాబులో ముందే చెప్పండి. అందులో ఏముందో మీ నాన్నగారికి కూడా గుర్తుండకపోవచ్చు.