ప్రతిరక్షకం: రక్షించేదా, రక్షణకు ఎదురు తిరిగేదా?

సందేహం: ప్రతిపక్షం, ప్రతినాయకుడు, ప్రతికూలం – వీటన్నిటిలో ‘ప్రతి’ అంటే ఎదురు. మరి యాంటీబాడీని ‘ప్రతిరక్షకం’ అంటే రక్షకుడికి శత్రువనే అర్థం రాదా? ఇంటర్ చదివే మా అబ్బాయి అడిగితే తడబడ్డాను. ‘ప్రతిజనకం’ అని ఇంకొకటి కూడా ఉందట.

సమాధానం: అబ్బాయి అడగాల్సిందే అడిగాడు. ‘ప్రతి’ ఒక్క అర్థానికి కట్టుబడే ఉపసర్గ కాదండీ. ప్రతిదినంలో ఒక్కొక్కటి అని, ప్రతినిధిలో బదులు అని, ప్రతిబింబంలో పోలిక అని. ప్రతిధ్వనిలోనో? మనం అరిస్తే కొండ తిరిగి ఇచ్చే అరుపు. యాంటీకి సరిపోతుందని ‘ప్రతి’ పెట్టేసి ఉండవచ్చు గానీ, నాకు మాత్రం ప్రతిరక్షకంలో వినబడేది ఈ ప్రతిధ్వనిలోని ‘ప్రతి’యే.

ఎందుకంటారా? కాల్లో ముల్లు విరిగితే ఆ పూటకే అక్కడ ఎర్రబడి, వాచి, సలుపుతుంది, రెండు మూడు రోజులకు చీము పడుతుంది. ఆ చీములో చాలా భాగం క్రిములను మింగి చచ్చిన తెల్లరక్తకణాలే. వాటికి వచ్చిన క్రిమి పేరూ ఊరూ అక్కర్లేదు, బాక్టీరియా పైగోడలో మన ఒంట్లో లేని పదార్థమేదో తగిలితే చాలు, మీద పడిపోతాయి. వీటిని భక్షక కణాలు అనాలి, ప్రతిరక్షకాలు అనకూడదు. ప్రతిరక్షకం అసలు కణమే కాదు, ఇంగ్లీషు వై అక్షరంలా ఉండే ప్రొటీన్. క్రిమి మీది ఫలానా ఆకారానికి తాళంచెవిలా అతికే బి-కణం (ఇదీ ఒక రకం తెల్లరక్తకణమే) ఒంట్లో ఎక్కడో ఉంటుంది. అది దొరికి, తనలాంటి కణాలను బోలెడు పుట్టించి, అవి అదే అచ్చులో ప్రతిరక్షకాలు వదిలేసరికి మొదటిసారి వారం పది రోజులు పడుతుంది. అంటే పిలుపు వచ్చాక, ఆ పిలుపుకే ఇచ్చే బదులు. ఆ కణాల్లో కొన్ని గుర్తు పెట్టుకుని ఉండిపోతాయి గనక రెండోసారి ఆలస్యం ఉండదు. ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ పోయదని పెద్దవాళ్ళు అనేది ఇందుకే (ఆ వైరస్ నరాల్లో దాక్కుని ముసలితనంలో సర్పిగా లేవడం వేరే కథ).

ఇక ప్రతిజనకం. జనకం అంటే పుట్టించేది. ఇక్కడి ‘ప్రతి’ ప్రతిరక్షకానికి పొట్టిపేరు అనుకోండి, దాన్ని పుట్టించేది ప్రతిజనకం. ఇంగ్లీషులో యాంటీజెన్ కూడా ఇలా కట్టిన మాటే. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ర్యాపిడ్ యాంటీజెన్ టెస్ట్ వైరస్ ముక్క కోసం వెతికేది, రక్తం తీసి చేసిన యాంటీబాడీ టెస్ట్ మన ఒళ్ళు ఇచ్చిన బదులు కోసం వెతికేది. తేడా అంతే.

పరీక్షలో ప్రతిరక్షకం అని రాయమనండి, ఇంట్లో యాంటీబాడీలు అనుకున్నా తప్పులేదు. మా వీధిలో ఒకాయన మాత్రం టీకా వేయించుకొచ్చి “ఒంట్లో యాంటీబయాటిక్స్ బాగా పెరిగాయండీ” అని అందరికీ చెప్పారు. అవి మందుల షాపులో దొరికేవి!