పాత చేప లూర్లు: ఏవి దాచుకోవాలి, ఏవి నీళ్లలో వెయ్యాలి

రాజోలు నుంచి అడిగారు కదండీ: నేవీలో పనిచేసిన తాతగారి ట్రంకు పెట్టెలో చెక్కతో చేసిన చేప ఎరలు (లూర్లు), చెంచా ఆకారంలో ఉండే ఇత్తడి రేకు ఎరలు (స్పూన్లు) దొరికాయని, వాటిని తోమి గోదాట్లో వాడుకోవచ్చా లేక అమ్మితే ఏమైనా వస్తుందా అని. ముందుగా చెప్పాల్సింది ఒకటే. ఇంకా తోమకపోతే తోమకండి.

నాది నరసాపురం. మా పెద్ద మావయ్య సరుకు ఓడల్లో పనిచేసేటప్పుడు రేవుల్లో కొన్న లూర్లు నాకు వచ్చాయి, తర్వాత నేనూ వెతికి కొన్నాను. మన ఇళ్లల్లో ఇత్తడి అంటే చింతపండు, పీతాంబరి గుర్తొస్తాయి. పూజ సామానుకి అది సరే. పాత స్పూను మీద ఏళ్ల తరబడి కట్టిన గోధుమ రంగు పొర మాత్రం దాని వయసుకి సాక్ష్యం. పుల్లటి గుజ్జుతో తోమితే ఆ పొరతో పాటు తేలిగ్గా కొట్టిన కంపెనీ ముద్ర కూడా అరిగిపోతుంది, కొనేవాళ్లు చూసేది దాన్నే. చెక్కవాటిని పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి చాలు. గాలం ముళ్లకి తుప్పుంటే చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లతో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె ముల్లుకి మాత్రమే రాయండి, రంగుకి తగలనివ్వద్దు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పెచ్చులు గీకకండి, చిన్నపిల్లలకి అందనివ్వకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఇక అవి ఏమిటో గుర్తుపట్టడం. చెక్క చేపకి కళ్లు చూడండి. గాజు కళ్లయితే ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి. రంగుతో చుక్క పెట్టినవైతే తర్వాతి కాలానివో, చవక రకమో అవ్వచ్చు. తర్వాత పొట్ట తిప్పి, ముళ్లు తగిలించిన బిగింపు చూడండి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని డొవాజియాక్ ఊళ్లో తయారైన హెడ్డన్ లూర్లకి ఈ బిగింపు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది, సేకరించేవాళ్లు వయసు లెక్కగట్టేది చాలావరకు దాన్ని బట్టే. ఇండియానా రాష్ట్రం గారెట్‌లోని క్రీక్ చబ్ కంపెనీవైతే మూతి దగ్గర రేకు, ఒంటి మీద పొలుసులు కనిపిస్తాయి. ఆ పొలుసులు ఒక్కొక్కటీ గీసినవి కావు. ఒంటికి సన్నని వల గుడ్డ బిగించి, దాని మీద రంగు చల్లి, గుడ్డ తీసేసేవారు. భూతద్దం పెట్టి చూస్తే పొట్ట వైపు ఆ వల కన్నులు కాస్త సాగి కనిపిస్తాయి. వలలు అల్లే ఊళ్లో పుట్టినవాణ్ణి, నాకది చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

నేవీవాళ్ల పెట్టెల్లో ఫిన్లండ్ రాపాలా కంపెనీ లూర్లు కూడా ఉండే వీలుంది. లౌరి రాపాలా 1936లో మొదటిది కార్కు చెక్కి, చాక్లెట్ల మీది వెండి రేకు చుట్టి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూత పూసి చేశాడు. తర్వాత బాల్సా చెక్కకి మారారు. 1962లో అమెరికా లైఫ్ పత్రికలో వ్యాసం వచ్చాక అవి లక్షల్లో అమ్ముడయ్యాయి, కాబట్టి ఆ తర్వాతవి పెద్ద ధర పలుకుతాయని ఆశ పెట్టుకోకండి. అట్టపెట్టె, లోపలి కాగితం మీ దగ్గరుంటే మాత్రం ఎంత చిరిగినా పారెయ్యద్దు. పెట్టెతో ఉన్నదానికీ లేనిదానికీ ధరలో చాలా తేడా ఉంటుంది. ధర చూసుకునేటప్పుడు కూడా ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు అడిగేది కాదు, నిజంగా అమ్ముడైన రేటు చూడండి.

వాడటం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. రంగు బాగున్న చెక్కవి నీళ్లలో వెయ్యకండి. ఆ అమెరికా లూర్లు మంచినీటి చెరువుల్లో బాస్ చేపల కోసం చేసినవి. ముళ్లు చాలావాటికి చెక్కలోకి మరలతో బిగించి ఉంటాయి. మన పండుగప్ప ఒక్కసారి తల విదిలిస్తే మర ఊడొస్తుంది. ఆ కన్నంలోంచి నీరు ఎక్కి చెక్క ఉబ్బుతుంది, రంగు పెచ్చులూడుతుంది. రాపాలాకి ఒంటి పొడుగునా లోపల తీగ ఉంటుంది కాబట్టి అది కాస్త నయం. రంగు పోయి, ఎవరూ కొనని స్థితిలో ఉన్న రాపాలా ఉంటే దాన్ని నిశ్చింతగా వాడుకోండి.

అసలు ఆనందం స్పూన్లది. స్వీడన్‌లో అబు కంపెనీ చేసిన టోబీ అనే స్పూను మా మావయ్య పెట్టెలో ఉంది, తోక దగ్గర చిన్న ఎర్ర రెక్కలతో. పాత ముల్లు తీసి దాచి, రింగు మార్చి, కొత్త గట్టి ముల్లు వేశాను. వశిష్ఠ పాయలో పోటు తిరిగి పాటు మొదలయ్యాక, మడ చెట్ల మధ్య నుంచి చిన్న కాలువలు నదిలోకి దిగే మూతుల దగ్గర నిలబడండి. నీటితో పాటు కొట్టుకొచ్చే రొయ్య, చిరుచేప కోసం పండుగప్ప అక్కడే కాపు కాస్తుంది. స్పూను విసిరి, కొంచెం మునగనిచ్చి, నెమ్మదిగా లాగుతూ మధ్యలో ఒక్క క్షణం ఆపండి. చాలాసార్లు ఆపినప్పుడే కొడుతుంది. పండుగప్ప మొప్పల మీది రేకు బ్లేడులా ఉంటుంది, దారం తెగకుండా లూరుకి ముందు మందపాటి లీడరు (గట్టి దారం ముక్క) కట్టుకోండి. ఇంకో మాట: పండుగప్ప మొదట మగదిగా పెరిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. బాగా పెద్దది పడితే అది దాదాపు ఖాయంగా గుడ్లు పెట్టేదే, దాన్ని వదిలెయ్యమని నా మనవి.

కొరమీనుకైతే గుర్రపుడెక్క మధ్యలో మూడు ముళ్ల లూరు పనికిరాదు, ప్రతి విసురుకీ ఆకు పట్టుకొస్తుంది. 1920లలో వచ్చిన జాన్సన్ సిల్వర్ మినో స్పూనుకి ఒకటే ముల్లు, దాని ముందు అడ్డు తీగ ఉంటాయి. అలాంటిది మీ పెట్టెలో ఉంటే మీ అదృష్టం. కాలువలు కట్టేసినప్పుడు మిగిలే మడుగుల్లో డెక్క అంచు వెంబడి లాగి చూడండి. ఎర్రటి పిల్లల గుంపు పైకి తేలుతూ కనిపిస్తే మాత్రం అక్కడ గాలం వెయ్యద్దు, తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి. గోదారికి ఎర్రనీరు తగిలిన నెలల్లో లూర్ల పని దాదాపు లేదు, చేపకి కనపడదు. సంక్రాంతి దాటి నీరు తేటపడ్డాక మొదలుపెట్టండి.

ఉప్పునీటిలో వాడిన ప్రతిదీ ఆ రోజే మంచినీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టాలి. దాచేటప్పుడు మన తేమే పెద్ద శత్రువు. బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి పాతబడితే మారుస్తూ ఉండండి. కలరా ఉండలు వెయ్యకండి, వాటి ఆవిరికి కొన్ని ప్లాస్టిక్‌లు, రంగులు మెత్తబడతాయి. మెత్తటి రబ్బరు పురుగుల్లాంటి ఎరలు ఉంటే వేరే డబ్బాలో పెట్టండి, అవి తగిలిన చోట గట్టి లూరు రంగు కరిగి అంటుకుంటుంది. కర్పూరం వాసన వస్తూ పగుళ్లిచ్చిన పాత సెల్యులాయిడ్ ముక్క కనిపిస్తే దాన్నీ విడిగా, నిప్పుకి దూరంగా ఉంచాలి. అది పాడయ్యేకొద్దీ పక్కనున్న ఇనుము, ఇత్తడి కూడా తినేస్తుంది.

ఒక్కొక్కదానికి మూడు ఫొటోలు తీసి పెట్టండి: కళ్లు, పొట్ట కింద బిగింపు, మూతి రేకు మీది అక్షరాలు. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. చూసి ఏది దాచాలో, దేనికి కొత్త ముల్లు వెయ్యచ్చో ఒక్కొక్కటిగా చెప్తాను.