డాక్టర్ హూ వార్షికోత్సవ ఎపిసోడ్లు: ముందు ఏం చూసుండాలి, అభిమానులు ఎందుకు కొట్టుకుంటారు?

ప్రశ్న: బీబీసీ కాలప్రయాణాల సీరియల్ డాక్టర్ హూని 2005 సిరీస్ నుంచి మొదలుపెట్టి నాలుగు సీజన్లు పూర్తి చేశాను. యాభయ్యో, అరవయ్యో వార్షికోత్సవాల స్పెషల్స్‌ని ఒకరు నెత్తిన పెట్టుకుంటే ఇంకొకరు తిట్టిపోస్తున్నారు. ఇవి చూడాలంటే ముందు ఏం చూసుండాలి? ఒకే ఎపిసోడ్ మీద ఇంత తేడా ఎందుకు?

జవాబు: నాలుగో సీజన్ దాకా వచ్చారు గనక సగం పని అయిపోయింది. ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం, అది తెలిస్తే మొదటిది తేలిక.

పెళ్ళికి వెళ్ళొచ్చినవాళ్ళు వంటల గురించి ఒక పూట మాట్లాడుకుంటారు, ఎవరు రాలేదన్న సంగతి మాత్రం నెలల తరబడి నడుస్తుంది. డాక్టర్ హూ వార్షికోత్సవాలూ అంతే. డాక్టర్ శరీరం మారినప్పుడల్లా (దీన్నే రిజెనరేషన్ అంటారు) నటుడు మారతాడు కాబట్టి, ఏ పండగ వచ్చినా పాత డాక్టర్లలో ఎవరొస్తారన్న లెక్క మొదలవుతుంది. దాదాపు ప్రతిసారీ ఒక ముఖ్యమైన మనిషి రాలేకపోయాడు, లేదా రానన్నాడు. ఆ ఖాళీని పూడ్చడానికి రాసినవాళ్ళు వేసిన ఎత్తే ఆ కథకు రూపమైంది. అభిమానుల గొడవలు తవ్వుకుంటూ పోతే అడుగున చాలాసార్లు ఆ ఖాళీయే తగులుతుంది.

మొదటి ఎపిసోడ్ 1963 నవంబర్ 23న బీబీసీలో వచ్చింది. కెనడీ హత్య జరిగిన మర్నాడు. అందుకే వారం తర్వాత రెండో భాగానికి ముందు మొదటి భాగాన్ని మళ్ళీ వేశారు. దాని దర్శకుడు వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆ నవంబర్ 23 అనే తేదీయే తర్వాతి పండగల్లో కొన్నిటికి ముహూర్తం అయింది.

ఇప్పుడు వరస. కాలక్రమంలో చూడమని కొందరు చెబుతారు. కొత్త సిరీస్‌తో వచ్చినవాళ్ళకి అది తప్పు సలహా. 1972 నాటి స్టూడియో సెట్ల దగ్గర మొదలుపెట్టి, రెండో భాగంలో ఆపేసి, మళ్ళీ ఆ వైపు చూడనివాళ్ళే ఎక్కువ. 2013తో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళండి.

2013 స్పెషల్ 'ది డే ఆఫ్ ది డాక్టర్', నిడివి దాదాపు 77 నిమిషాలు. దీనికి ముందు కచ్చితంగా చూడాల్సినవి: 'ది ఎండ్ ఆఫ్ టైమ్' రెండు భాగాలు (2009 క్రిస్మస్, 2010 జనవరి 1), ఐదో సీజన్ మొదటి ఎపిసోడ్, ఏడో సీజన్‌లో 6, 13 ఎపిసోడ్లు. ఐదు నుంచి ఏడు దాకా సీజన్లన్నీ చూసే ఓపిక ఉంటే మరీ మంచిది, లేకపోతే ఇవి చాలు. పదమూడో ఎపిసోడ్ చివరి నిమిషంలో జాన్ హర్ట్ వెనక్కి తిరిగే దృశ్యం ఉంటుంది, దాన్ని మిస్సయితే స్పెషల్‌లో ఆయన ఎవరో అర్థం కాదు. ఆ తర్వాత 'ది నైట్ ఆఫ్ ది డాక్టర్' అని ఏడు నిమిషాల చిన్న ఎపిసోడ్ ఉంది. స్పెషల్‌కి తొమ్మిది రోజుల ముందు, నవంబర్ 14న, ముందస్తు చప్పుడు లేకుండా వదిలారు. దాన్ని ముందే చూడాలి, తర్వాత కాదు. 1996 టీవీ సినిమాలో ఒక్కసారి మెరిసి మాయమైన ఎనిమిదో డాక్టర్ పాల్ మెక్‌గాన్ ఇందులో మళ్ళీ కనిపిస్తాడు. పదిహేడేళ్ళుగా ఎదురుచూసిన పాత అభిమానులకు అసలు పండగ ఆ ఏడు నిమిషాల్లోనే అయిపోయింది.

ఇక్కడ ఖాళీ ఎవరిదంటే 2005లో వచ్చిన తొమ్మిదో డాక్టర్ క్రిస్టఫర్ ఎక్లస్టన్‌ది. షోరన్నర్ స్టీవెన్ మోఫాట్ అడిగాడు, ఆయన రానన్నాడు. టైమ్ వార్‌ని (డాక్టర్ జాతి టైమ్ లార్డులకీ, వాళ్ళ శత్రువులు డాలెక్‌లకీ జరిగిన యుద్ధం) ముగించిన డాక్టర్ ఎవరన్న ప్రశ్నకు, ఎవరూ ఎన్నడూ చూడని ఒక డాక్టర్‌ని మధ్యలో ఇరికించాల్సి వచ్చింది. అలా పుట్టినవాడే జాన్ హర్ట్ వేసిన వార్ డాక్టర్. ఎక్లస్టన్ వచ్చి ఉంటే ఈ పాత్రే లేదు. అది బాగుందనేవాళ్ళూ ఉన్నారు, లెక్క చెడిపోయిందనేవాళ్ళూ ఉన్నారు. లెక్క నిజంగానే చెడింది: పదకొండో డాక్టర్ అని మనం పిలిచే మ్యాట్ స్మిత్, శరీరాల వరసలో పదకొండోవాడు కాడు. 1976 కథ ఒకటి పన్నెండు రిజెనరేషన్లే హద్దని పెట్టింది. ఆ హద్దు మీద 2013 క్రిస్మస్ ఎపిసోడ్ నడుస్తుంది, కాబట్టి దాన్ని కూడా వెంటనే చూసేయండి.

ఈ స్పెషల్ మీద తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. డాక్టర్ పుట్టిన గ్రహం గాలిఫ్రే నాశనం కాలేదంటే, మీరు చూసిన నాలుగు సీజన్లలో డాక్టర్ మోసిన పాపభారమంతా ఉత్తదైపోయిందని. కాలేదు. వేర్వేరు కాలాల డాక్టర్లు కలిసినప్పుడు చివరి డాక్టర్‌కి తప్ప మిగతావాళ్ళకి ఆ జ్ఞాపకం నిలవదని ఎపిసోడ్‌లోనే చెబుతారు. అంటే తొమ్మిది, పది డాక్టర్లు తమ గ్రహాన్ని తామే తగలబెట్టామనుకునే బతికారు. ఆ సంభాషణ చివర్లో హడావిడిగా వస్తుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకోకుండా చూసినవాళ్ళు దాన్ని వదిలేసి తర్వాత కథలో తప్పు పడతారు.

ఇంకో చిన్న సరదా: మొదట్లో డాక్టర్ సహచరి క్లారా బడిలోంచి బయటికొచ్చేటప్పుడు గడియారం 5:16 చూపిస్తుంది, 1963లో మొదటి ఎపిసోడ్ మొదలైన సమయం. ఇలాంటివి వెతకడమే పనిగా పెట్టుకోకండి, రెండోసారి చూసేటప్పుడు వాటంతటవే దొరుకుతాయి.

దీన్ని 94 దేశాల్లో ఒకేసారి ప్రసారం చేశారు, గిన్నిస్ రికార్డు. మన గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటాక 1:20. బ్రిటన్‌లో ఆ రాత్రి లెక్క ఒక కోటి రెండు లక్షల మంది, రికార్డు చేసుకుని చూసినవాళ్ళని కలిపితే ఒక కోటి ఇరవై ఎనిమిది లక్షలు. ఏ ఎపిసోడ్ గురించైనా 'జనం చూడలేదు' అని ఎవరైనా రాస్తే అది మొదటి రాత్రి లెక్కో, వారం లెక్కో ముందు అడగండి. 2014లో డాక్టర్ హూ మ్యాగజీన్ పాఠకులు 241 కథల్లో దీన్నే మొదటి స్థానంలో పెట్టారు. నా ఉద్దేశంలో అందులో పండగ వేడి కొంత ఉంది.

స్పెషల్ అయ్యాక 'ది ఫైవిష్ డాక్టర్స్ రీబూట్' చూడండి, అరగంట. పిలుపు రాని పాత డాక్టర్లు పీటర్ డేవిసన్, కొలిన్ బేకర్, సిల్వెస్టర్ మెక్‌కాయ్ ఎలాగైనా ఆ స్పెషల్‌లో దూరాలని పడే పాట్లు. రాని చుట్టాల అలకని అలకగానే చూపించి నవ్వించారు.

అక్కణ్ణుంచి వెనక్కి, 1983కి. 'ది ఫైవ్ డాక్టర్స్', 90 నిమిషాలు, రాసింది టెరన్స్ డిక్స్. ఇక్కడ ఖాళీలు రెండు. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ 1975లోనే పోయాడు, ఆయన పాత్రను రిచర్డ్ హర్న్‌డాల్ వేశాడు. నాలుగో డాక్టర్ టామ్ బేకర్ వెళ్ళిపోయి అప్పటికి రెండేళ్ళే, ఇంత తొందరగా తిరిగి రావడం ఇష్టంలేక రానన్నాడు. అందుకని 1979లో సమ్మె వల్ల మధ్యలో ఆగిపోయిన 'షాడా' అనే కథలోంచి రెండు ముక్కలు తెచ్చి అతికించారు. అందుకే ఆయన కేంబ్రిడ్జిలో పడవ మీద కనిపించి, కాలసుడిలో ఇరుక్కుపోయి, మళ్ళీ కథలోకి రాడు. ఇది తెలియక ఆయన ఎప్పుడొస్తాడా అని కాచుకు కూర్చుంటే తొంభై నిమిషాలూ వృథా. ప్రచారం ఫొటోల్లో మేడం టుస్సాడ్స్ మైనపు బొమ్మను నిలబెట్టారు, అదే టామ్ బేకర్ అనుకోకండి.

ఈ కథకు రెండు రూపాలున్నాయి: 1983లో ప్రసారమైనది ఒకటి, 1995లో వీడియో క్యాసెట్ కోసం ఎఫెక్ట్స్ మార్చి, కొన్ని దృశ్యాలు కలిపి చేసిన స్పెషల్ ఎడిషన్ ఇంకొకటి. మొదటిసారి పాతదే చూడండి. కొత్త ఎఫెక్ట్స్ ఇప్పుడు పాతవాటికన్నా ముసలిగా కనిపిస్తాయి. పాత బొమ్మతో కథ పరుగు కూడా బాగుంటుంది.

పదేళ్ళ పండగ కథ 'ది త్రీ డాక్టర్స్' నాలుగు భాగాలు, ఒక్కోటి 25 నిమిషాలు, 1972 డిసెంబర్ 30న మొదలైంది. హార్ట్‌నెల్ అప్పటికి బాగా జబ్బుపడ్డాడు, మాటలు గుర్తుండేవి కావు. కూర్చోబెట్టి, ఎదురుగా రాసి పట్టుకున్న కార్డులు చదివించి, విడిగా చిత్రీకరించారు. అందుకే ముగ్గురు డాక్టర్లన్న పేరే గానీ, ఆయన తెర మీది బొమ్మగా మాత్రమే కనిపిస్తాడు. ఆయన చివరి నటన అదే. రోజుకి ఒక భాగం చొప్పున చూడండి, నాలుగూ ఒకే ఊపులో చూస్తే సాగదీసినట్టుంటుంది.

1988 నాటి 'సిల్వర్ నెమెసిస్' మూడు భాగాలు ఆఖర్న పెట్టుకోవచ్చు. సరిగ్గా నవంబర్ 23నే మొదలైంది గానీ, పురాతన టైమ్ లార్డ్ ఆయుధంతో శత్రువుల్ని బోల్తా కొట్టించడమన్న అదే కథ నెల ముందే 'రిమెంబ్రెన్స్ ఆఫ్ ది డాలెక్స్'లో ఇంతకన్నా బాగా వచ్చేసింది. చాలామంది అభిమానుల లెక్కలో పాతికేళ్ళ పండగ ఆ డాలెక్ కథే.

ఇక 2023. నవంబర్ 25, డిసెంబర్ 2, డిసెంబర్ 9న మూడు స్పెషల్స్: 'ది స్టార్ బీస్ట్', 'వైల్డ్ బ్లూ యాండర్', 'ది గిగిల్'. అరవై ఏళ్ళకి పదో డాక్టర్ వేసిన డేవిడ్ టెనెంట్ ఒక్కడేనా, మిగతా డాక్టర్లేరన్నది పెద్ద ఫిర్యాదు. వాళ్ళు పదమూడు నెలల ముందే వచ్చి వెళ్ళిపోయారు. బీబీసీ నూరేళ్ళ సందర్భంగా 2022 అక్టోబర్ 23న వచ్చిన 'ది పవర్ ఆఫ్ ది డాక్టర్'లో డేవిసన్, కొలిన్ బేకర్, మెక్‌కాయ్, మెక్‌గాన్ అందరూ ఉన్నారు, హార్ట్‌నెల్ పాత్రలో డేవిడ్ బ్రాడ్లీ కూడా. దాన్నీ ఈ మూడింటినీ కలిపి నాలుగు భాగాల పండగగా చూస్తే ఆ ఫిర్యాదే ఉండదు. పైగా టెనెంట్ ముఖం మళ్ళీ ఎలా వచ్చిందో దాని చివరి నిమిషంలోనే ఉంది.

మీరు నాలుగో సీజన్ చివరి రెండు ఎపిసోడ్లు (12, 13) ఇంకోసారి చూసుకోండి. డాక్టర్ గుర్తొస్తే ఆయన పాత సహచరి డొన్నా కాలిపోతుందన్న షరతు మీదే 'ది స్టార్ బీస్ట్' నడుస్తుంది. పదిహేనేళ్ళు మోసిన ముడిని రెండు నిమిషాల్లో విప్పేశారన్న విమర్శ న్యాయమే. తల్లి భారంలో సగం కూతురికి వెళ్ళిందనడం వరకు బాగానే అమర్చారు, మిగతాది అలా వదిలేయడమే తేలిపోయింది. కూతురు రోజ్ ట్రాన్స్ అమ్మాయి అయినందుకే ఎపిసోడ్‌ని తిట్టినవాళ్ళూ ఉన్నారు. సమీక్షలు చదివేటప్పుడు ఆ రెండు రకాల కోపాల్ని కలిపేయకండి.

రెండోదైన 'వైల్డ్ బ్లూ యాండర్' గురించి ముందుగా దాదాపు ఏమీ చూపించలేదు. దాంతో మ్యాట్ స్మిత్ వస్తాడు, ఆయన తర్వాతి డాక్టర్ పీటర్ కపాల్డీ వస్తాడు అని అభిమానులు వాళ్ళంతట వాళ్ళే ఊహించుకున్నారు. తీరా చూస్తే ఖాళీ ఓడలో ఇద్దరే మనుషులు. క్యామియో కోసం కూర్చున్నవాళ్ళు ఆ రాత్రి నీరుగారారు. ఏమీ ఆశించకుండా చూడండి, మూడింట్లో ఇదే మేలు. న్యూటన్ దృశ్యం తర్వాత అందరూ 'గ్రావిటీ' బదులు 'మావిటీ' అంటుంటారు, సబ్‌టైటిల్ తప్పు కాదు.

మూడోదైన 'ది గిగిల్'లో డాక్టర్ చనిపోకుండా రెండుగా విడిపోయే 'బై-జెనరేషన్' వస్తుంది. కొత్త డాక్టర్ షుటి గాట్వా పక్కనే పాతవాడూ మిగిలిపోతాడు. పోగొట్టుకోవడం లేకపోతే రిజెనరేషన్‌కి ఏడుపెక్కడిదని ఒక వర్గం, అలిసిపోయిన ఆ మనిషికి ఇన్నాళ్ళకి ఒక ఇల్లూ అన్నం బల్లా దొరికాయని ఇంకో వర్గం. 'ది ఎండ్ ఆఫ్ టైమ్'లో ఆయన వెళ్ళనంటూ వెళ్ళిపోయిన తీరు మీకు నచ్చితే మొదటి వర్గంలో, కడుపు తరుక్కుపోతే రెండో వర్గంలో పడతారు.

అన్నీ అయ్యాక మిగిలేది 1993 నాటి 'డైమెన్షన్స్ ఇన్ టైమ్'. చిల్డ్రన్ ఇన్ నీడ్ అనే విరాళాల కార్యక్రమం కోసం ఈస్ట్ఎండర్స్ సీరియల్‌తో కలిపి చేసిన రెండు ముక్కలు, మొత్తం దాదాపు పదమూడు నిమిషాలు. అప్పటికి బతికున్న ఐదుగురు డాక్టర్లూ వచ్చారు, ఒక్కరూ తప్పలేదు. అభిమానులు అన్నిటికన్నా ఎక్కువగా ఎగతాళి చేసేదీ దీన్నే. నటులతో ఉన్న ఒప్పందం వల్ల అమ్మకానికి పెట్టలేదు. కెమెరా ఊరికే తిరుగుతూ ఉండటానికి కారణం త్రీడీ: ఒక కంటి ముందు నల్లటి అద్దం ఉంటే ఆ కన్ను చూసింది మెదడుకి కాస్త ఆలస్యంగా అందుతుంది, పక్కకి కదిలే బొమ్మలో ఆ ఆలస్యమే లోతుగా తోస్తుంది. కదలిక ఆగితే లోతూ ఆగిపోతుంది. పాత చలువ కళ్ళద్దాల్లోంచి ఒక అద్దం ఊడదీసి ఒక కంటికి పెట్టుకుని చూడొచ్చు, ఏ తెర మీదైనా పనిచేస్తుంది. ముందున్నవి వెనక్కి పోయినట్టు అనిపిస్తే అద్దం రెండో కంటికి మార్చండి.