పదిలో తొమ్మిది లాటరీ టికెట్లే

ప్రశ్న: నమస్తే అండీ. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు సీనియర్ ఇయర్‌కి, అంటే హైస్కూల్ చివరి ఏడాదికి వచ్చింది. కంప్యూటర్స్ వద్దంట, ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదువుతుందంట. క్లాసులో టాప్ 8 పర్సెంట్, ఎస్ఏటీ 1480, డిబేట్ బాగా చేస్తుంది, స్పానిష్ నాలుగేళ్ల నుంచి నేర్చుకుంటోంది. తనే కూర్చుని లిస్ట్ రాసింది: జార్జ్‌టౌన్, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా, స్టాన్‌ఫర్డ్, బ్రౌన్, టఫ్ట్స్, జాన్స్ హాప్కిన్స్, సేఫ్టీగా, అంటే ఏదీ రాకపోయినా ఇది వస్తుందని, యూటీ ఆస్టిన్. మావారేమో ఇది చదివి ఏం ఉద్యోగం చేస్తుందే అని నన్నడుగుతారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నా. ఈ లిస్ట్ సరిపోతుందా?
ఒక అమ్మ, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి పేరు దగ్గరికే వద్దాం, తిరకాసంతా అక్కడే ఉంది. యూటీ ఆస్టిన్ మీ పాపకి సేఫ్టీ కాదు. టెక్సస్‌లో టాప్ 10 పర్సెంట్‌కి ఆటోమేటిక్ అడ్మిషన్ అని 1997లో చట్టం తెచ్చారు కదా, మిగతా స్టేట్ యూనివర్సిటీలకి అదే లెక్క గానీ యూటీకి మాత్రం వేరు, మొన్నటిదాకా టాప్ 6, 2026 ఫాల్ నుంచి టాప్ 5. మీ పాప 8. అంటే ఎస్సేలూ అవీ చదివి ఇస్తే ఇస్తారు, లేదంటే లేదు. ఫ్రిస్కో స్కూళ్లలో 8లో ఉండటమంటే మాటలు కాదు, ఇంకో ఊళ్లో అయితే ఇదే పిల్ల టాప్ 2లో ఉండేదేమో, కానీ ఆ రూల్‌కి అదంతా పట్టదు.

ఇక మిగతా తొమ్మిది. అందులో కాస్త దయగలది జార్జ్‌టౌన్, అక్కడే నూటికి 12, 13 మందికి వస్తుంది, మిగతా చోట్ల అంతకన్నా తక్కువ. తొమ్మిది లాటరీ టికెట్లు కొన్నంత మాత్రాన లాటరీ తగిలి తీరుతుందని లేదు.

నేనైతే లిస్ట్ కింద నుంచి రాయమంటాను. టాప్ 8తో టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఆటోమేటిక్‌గా వస్తుంది, గడువులోపు అప్లికేషన్ పూర్తి చేస్తే చాలు (యూనివర్సిటీకి గ్యారంటీ, కోరిన మేజర్‌కి కాదు, అది గుర్తుపెట్టుకోండి). అక్కడ మాజీ ప్రెసిడెంట్ పెద్ద బుష్ గారి పేరుతో, ఈ సబ్జెక్టే చెప్పే బుష్ స్కూల్ ఉంది, ఒకప్పుడు మాస్టర్సే ఉండేది, ఇప్పుడు డిగ్రీ పిల్లల్ని కూడా తీసుకుంటున్నారు. రెండోది మీ ఇంటికి అరగంట దూరంలో ఉన్న యూటీ డాలస్. "అమ్మా, అక్కడికెళ్తే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, అందరూ మనవాళ్లే" అని ముఖం ముడుచుకుంటుంది, నాకు తెలుసు, మా వాడూ ఇదే అన్నాడు. అయినా చూడమనండి, ఇంటర్నేషనల్ పొలిటికల్ ఎకానమీ అని మేజర్ ఉంది అక్కడ, మెక్‌డెర్మాట్ స్కాలర్‌షిప్ వస్తే చదువు ఖర్చే కాదు, విదేశాల్లో చదివే ఖర్చు కూడా వాళ్లదే. అది రావడం కష్టమే, కానీ అడగడానికి ఏం పోయింది.

మధ్యలో అసలేమీ లేదు మీ లిస్ట్‌లో. వాషింగ్టన్‌లో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ ఎలియట్ స్కూల్, క్లాసు అయ్యాక నడుచుకుంటూ వెళ్తే స్టేట్ డిపార్ట్‌మెంట్ (అమెరికా విదేశాంగ శాఖ) వచ్చేస్తుంది. అమెరికన్ యూనివర్సిటీలో స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ సర్వీస్, వాళ్లు మాత్రం పిల్లకి నిజంగా ఇంట్రెస్ట్ ఉందా లేదా అని చూస్తారు, కాబట్టి వర్చువల్ సెషన్‌కైనా ఒకసారి పేరిచ్చి కూర్చోమనండి. ఇండియానా బ్లూమింగ్టన్‌లో హామిల్టన్ లూగర్ స్కూల్, మిషిగన్ స్టేట్‌లో జేమ్స్ మాడిసన్ కాలేజ్. వీటిలో మూడో నాలుగో పెట్టండి. ఈ పేర్లు మన గెట్‌టుగెదర్లలో వినపడవు, ఈ రంగంలో ఉన్నవాళ్లకి మాత్రం బాగా తెలుసు.

ఇంకో గందరగోళం. గూగుల్‌లో ఇంటర్నేషనల్ రిలేషన్స్ అని కొడితే మొదట వచ్చేవి చాలావరకు మాస్టర్స్ స్కూళ్లు. టఫ్ట్స్‌లో ఫ్లెచర్, కొలంబియాలో సీపా, హాప్కిన్స్‌లో సైస్, అన్నీ పీజీకే. సైస్ ఉండేది వాషింగ్టన్‌లో, మీ పాప డిగ్రీలో చేరితే ఉండేది బాల్టిమోర్‌లో. ఆ పేర్లు చూసే రాసి ఉంటే మళ్లీ ఒకసారి చూడమనండి. జార్జ్‌టౌన్ ఉంచండి, అక్కడ 1919 నుంచి నడుస్తున్న ఫారిన్ సర్వీస్ స్కూల్‌లోకి డిగ్రీ పిల్లలు కూడా నేరుగా అప్లై చేయొచ్చు. దాంతోపాటు ఇంకో రెండు తనకి నచ్చినవి. స్టాన్‌ఫర్డ్ ఎందుకు పెట్టావ్ అని అడిగి చూడండి, జవాబు రాదు.

డబ్బు సంగతి. జార్జ్‌టౌన్‌లో అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటిపోయింది, మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇవ్వరు, హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలూ ఇవ్వవు. యూటీ ఆస్టిన్‌లో టెక్సస్ పిల్లలకి ఈ మేజర్ ట్యూషన్ ఫీజు 15 వేల లోపే. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ అయితే ఎయిడ్ (కాలేజీ ఇచ్చే డబ్బు సాయం) రాదులే అని ముందే అనేసుకోకండి, హార్వర్డ్ ఇప్పుడు 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకి ట్యూషన్ ఫీజు తీసేసింది. ప్రతి కాలేజీ సైట్‌లోనూ మీకు నిజంగా ఎంత పడుతుందో లెక్కకట్టే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, ఒక సాయంత్రం మీవారినే కూర్చుని కొట్టమనండి, ఆయనకీ పని దొరుకుతుంది. ఆ అంకెలు తేలేదాకా ముందుగా ఒక్క కాలేజీకి వేసే ఎర్లీ డెసిషన్ జోలికి పోవద్దు, సీటొస్తే చేరి తీరాలి. జార్జ్‌టౌన్ ఎర్లీ యాక్షన్ కూడా ముందుగా వేసేదే గానీ దానికి ఆ కట్టుబాటు లేదు, కాకపోతే ఇంకోచోట ఎర్లీ డెసిషన్ వెయ్యకూడదంటారు.

మీవారి ప్రశ్న తప్పేం కాదు. 2025 జూలైలో విదేశాలకి సాయం చేసే అమెరికా సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడింది, అదే నెల స్టేట్ డిపార్ట్‌మెంట్ 1,300 మందికి పైగా ఇంటికి పంపింది. దాన్ని చూసి భయపడి మానేయమనను గానీ, పక్కన ఎకనామిక్సో స్టాటిస్టిక్సో పెట్టుకుంటే బ్యాంకులు, కన్సల్టింగ్ కంపెనీలు కూడా తలుపు తీస్తాయి. ఫారిన్ సర్వీస్ (అమెరికా దౌత్య ఉద్యోగాల) పరీక్షకి ఫలానా డిగ్రీయే ఉండాలని లేదు, సిటిజన్ అయి ఉండాలి, మీ పాప సిటిజనే. హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద పిల్లలున్న అమ్మలు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్లకో మాట: ఆ ఉద్యోగం మీ పిల్లలకి ఇప్పుడు కుదరదు, 21 దాటి ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారితే ఈ డిగ్రీకి ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పని చేసుకునే పర్మిషన్) చాలాచోట్ల ఒక్క ఏడాదే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) వాళ్లకైతే మూడేళ్లు. మేజర్ పేరు పక్కన స్టెమ్ అని ఉందో లేదో కాలేజీకి ఫోన్ చేసి కనుక్కోండి.

స్పానిష్ మాత్రం సీనియర్ ఇయర్‌లో ఆపనివ్వద్దు. జార్జ్‌టౌన్ ఫారిన్ సర్వీస్‌లో డిగ్రీ చేతికి రావాలంటే ఒక భాషలో ప్రొఫిషెన్సీ చూపించాలి. మా వాడు కాలిక్యులస్ కోసం స్పానిష్ వదిలేసి కాలేజీలో మళ్లీ మొదటి క్లాసులో కూర్చున్నాడు.

యూటీ డాలస్ చూడ్డానికి వెళ్తే వీక్‌డే వెళ్లండి, శనివారం అక్కడ పార్కింగ్ లాట్ తప్ప చూడ్డానికేం ఉండదు.