పెరటి పనస: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పనస చెట్టుకు ఆరేళ్లు. ఈ ఏడే తొలిసారి వేలెడంత పిందెలు గుత్తులుగా వచ్చాయి. అన్నీ నల్లబడి రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి?
– పాఠకురాలు, అమలాపురం

జవాబు: మందు కొట్టకండి. మీరు చెబుతున్నదాన్ని బట్టి రాలుతున్నవి పిందెలు కావు, మగ కంకులు. పనసలో మగ పూలు, ఆడ పూలు ఒకే చెట్టు మీద వేర్వేరు కంకులుగా వస్తాయి. మగ కంకి తొడిమ సన్నగా, ఒళ్లు నున్నగా ఉంటుంది. విచ్చుకున్నాక పైన పసుపు చల్లినట్టు పుప్పొడి కనిపిస్తుంది. ఆ పని కాగానే నల్లబడి, బూజు పట్టి రాలుతుంది. ఆడ కంకికి తొడిమ లావు. తొడిమ కంకిని కలిసేచోట ఆకుపచ్చ ఉంగరం తొడిగినట్టు ఒక కట్టు ఉంటుంది, ఒళ్లు గరుకు. కాండం మీదా, లావు కొమ్మల మీదా వెతకండి. తొలి కాపులో మగ కంకులే ఎక్కువ రావడం మామూలే.

ఉంగరం ఉన్న పిందె కూడా మెత్తబడి బూజు పడితే మాత్రం అది కుళ్లు తెగులు. రాలిన కంకులన్నీ ఏరి దూరంగా పూడ్చండి, బూజు వాటి మీది నుంచే పిందెలకు పాకుతుంది. ఆపైన ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టండి. లీటరుకు మైలుతుత్తం 10 గ్రాములు, సున్నం 10 గ్రాములు. రెండూ చెరో అర లీటరు నీళ్లలో ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కలిపి, తుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోయాలి. ఇనప చాకు ముంచి చూడండి. దాని మీద రాగి ఎక్కితే సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త కలపండి. కలిపిన రోజే వాడెయ్యాలి.

ప్రశ్న: పనసపొట్టు కొడితే చేతులు జిగురు, పొట్టు నలుపు. ఆవ పెడితే కూర చేదు. లోపం ఎక్కడ?
– పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మూడింటికి మూడు కారణాలు. జిగురు పనస పాలది. నీళ్లతో కడిగితే వదలదు, నూనెకే లొంగుతుంది. కాయ ముట్టుకోకముందే చేతులకూ కత్తికీ నూనె రాసుకోండి. ముక్క కోయగానే ఊరే పాలను పాత గుడ్డతో తుడిచెయ్యండి. గింజ ముదరని లేత కాయే పొట్టుకు పనికొస్తుంది.

గాలి తగిలితే పొట్టు నల్లబడుతుంది. కొట్టింది కొట్టినట్టు పసుపు కలిపిన పల్చటి మజ్జిగలో వెయ్యండి.

ఇక చేదు. ఆవ ఘాటు పచ్చి ఆవాలు నీళ్లు తగిలి నలిగినప్పుడు పుడుతుంది, వేడి తగిలితే పోతుంది. ఘాటు పోయాక మిగిలేది చేదే. అర కిలో పొట్టుకు రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు కాసిని నీళ్లతో మెత్తగా నూరండి. పొట్టును ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీరు పిండి, పోపులో చింతపండు గుజ్జుతో మగ్గనివ్వండి. దించి చల్లారాకే ఆవ కలపాలి. గోరువెచ్చగా ఉన్నా తొందరే. గంట ఆగి తింటే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: తాతల నాటి పనస చెట్టు గాలివానకు కూలింది. మాను వీణకు పనికొస్తుందా?
– పాఠకుడు, పాలకొల్లు

జవాబు: చేవను, అంటే మాను లోపలి గట్టి చెక్కను బట్టి ఉంటుంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. కుండా (గుండ్రటి బుర్ర), దండీ (పొడవాటి మెడ) అతుకు లేకుండా వస్తాయి కాబట్టి దుంగలో పగులు, ముడి, తొర్ర ఉండకూడదు. కుండ వెడల్పే అడుగు దాటుతుంది, అంత మందం చేవ కావాలి. అంచున తెల్లగా ఉండే చెక్కను లెక్కలోకి తీసుకోకండి, దాన్ని పురుగు తొలిచేస్తుంది. పసుపుపచ్చగా ఉన్నదే చేవ. ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది.

అన్నిటికన్నా ముందు, దుంగను చిన్న ముక్కలుగా కోయించకండి. చాలామంది మిల్లుకు తోలేశాకే వీణ సంగతి అడుగుతారు. తిన్నని మానును అయిదడుగులకు తక్కువ కాకుండా ఉంచి, కోసిన రెండు కొసలకూ ఆ రోజే పెయింటో మైనమో పూయండి. కొసల నుంచి తేమ త్వరగా పోతే పగుళ్లు లోపలికి పరుగెడతాయి. నీడలో, నేలకు తగలకుండా దిమ్మెల మీద పెట్టండి.

మిగిలింది తలుపులకు వాడుకోవచ్చు, చేవకు చెద అంత త్వరగా పట్టదు. చెక్కపేళ్లు పటికతో మరిగిస్తే పసుపు రంగు దిగుతుంది. బర్మాలో, శ్రీలంకలో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు వెనకటి నుంచీ వేసిన రంగు అదే.